మృగశిర రాకముందే పేవర్ల మీద నీళ్లు పోసి చూడండి

ఇంటి ముందు నీళ్లు ఇంకే పేవర్లు వేయించుకుని, ఇక సెల్లార్‌లోకి నీళ్లు రావనుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటుకూ ఆ ధీమా ఉండేది. వేసినప్పుడు చేతిలో పెట్టిన కాగితంలో గంటకు 5,000 మి.మీ. ఇంకుతుందని లెక్క. అంత వాన భూమ్మీద ఎక్కడా పడదు కదా అని ఆ కాగితం ఫైల్లో పెట్టేశాం. పోయిన ఏడు మేలో బకెట్ తీసుకుని కొలిస్తే గేటు దగ్గర 300 వచ్చింది.

ముందు మీవి నిజంగా ఇంకే పేవర్లేనా చూసుకోండి. మామూలు పేవర్ బ్లాకులు ఇసుక మీద పరిచి, సందుల్లో క్రషర్ డస్ట్ కొట్టేస్తే అది దాదాపు సిమెంటు గచ్చు కిందే లెక్క. ఇంకే రకానికి సందుల్లో డస్ట్ లేని సన్న చిప్స్, అడుగున కడిగిన కంకర ఉండాలి. చిప్స్ లేచిపోయిన చోట మేస్త్రీ డస్టో సిమెంటు పాలో పోసి "గట్టిగా కూర్చుంటుంది సార్" అంటాడు. కూర్చుంటుంది, నీళ్లతో సహా.

ఇక పరీక్ష. అడుగు వ్యాసం, అంటే 30 సెం.మీ. ఉండే పాత పెయింట్ బకెట్ అడుగు కోసేసి, పేవర్ల మీద నిలబెట్టి, చుట్టూ మైదాపిండి ముద్దతో సందు లేకుండా మెత్తండి. ముందు నాలుగు లీటర్లు పోసి తడపండి. తర్వాత 18 లీటర్లు, లోపల వేలి మందం కంటే ఎక్కువ నిలవకుండా పోస్తూ పోయి, మొత్తం ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 15,300ని ఆ నిమిషాలతో భాగిస్తే గంటకు ఎన్ని మి.మీ. ఇంకుతుందో వస్తుంది. మాకు పార్కింగ్ మధ్యలో 4 నిమిషాలు పట్టింది, గేటు దగ్గర 51. గేటు దగ్గరే ఎందుకంటే రోజూ కడిగి ముగ్గు వేసేది అక్కడే. బియ్యప్పిండి ముగ్గైతే చీమలు తినిపోతాయి, రాతి ముగ్గుపిండి సందుల్లో దిగి పేరుకుంటుంది. దాని మీద, పై ఫ్లోర్లో టైల్స్ పనికి తెచ్చిన ఇసుక రెండు వారాలు అక్కడే పోసి ఉంచారు.

300 కూడా తక్కువేం కాదు, అంత వాన గంటలో పడుతుందా అనిపించవచ్చు. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. మా పేవర్లు 60 చదరపు మీటర్లు. డాబా 240. డాబా పైపులన్నీ దిగేది పేవర్ల మీదికే. అంటే ఆకాశం నుంచి ఒక వంతు పడితే, పేవర్ల మీదికి వచ్చేది ఐదు వంతులు. పేవర్లన్నీ గేటు దగ్గరలా పూడుకుపోతే, గంటకు 60 మి.మీ. వానకే చేతులెత్తేస్తాయి. అడుగున నీళ్లు నిలిచే జాగా లెక్కా అంతే. కంకర మందం 30 సెం.మీ., అందులో ఖాళీ 40 శాతం అనుకుంటే చదరపు మీటరుకు 120 లీటర్లు, మొత్తం 7,200. ఎండాకాలంలో కొనుక్కునే 5,000 లీటర్ల ట్యాంకరు లెక్కలో దాదాపు ఒకటిన్నర. పేవర్ల మీద పడే వాన ఒక్కటే అయితే 120 మి.మీ. వరకు ఆగుతుంది. డాబా నీళ్లు కలిస్తే 24 మి.మీ.కే నిండిపోతుంది. వీలైతే డాబా పైపుల్లో సగమైనా ఇంకుడు గుంతకో సంపుకో మళ్లించండి. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

ఎవరైనా ఇంజనీరు పేవర్ల మీది వాన నీళ్ల లెక్కను కంప్యూటర్లో మోడల్ చేసి ఇస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కువగా వాడేది ఎస్‌డబ్ల్యూఎంఎం, అమెరికా పర్యావరణ సంస్థ 1971 నుంచి ఇస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పూడిక అంకె సున్నా పెడితే పేవర్లు ఎప్పటికీ పూడవనే లెక్క వేస్తుంది. ఆ గడిలో ఏం పెట్టారని అడగండి. రెండోది, వానను రోజు మొత్తంగా ఇచ్చారా, పావుగంట లెక్కన ఇచ్చారా? రోజంతా సన్నగా కురిసే 10 సెం.మీ. వేరు, రెండు గంటల్లో దంచేసే 10 సెం.మీ. వేరు. మూడోది అసలైనది: నేల మొదట పొడిగా ఉందనుకున్నారా, తడిగానా?

పొడి నేల నీళ్లను లాగేసుకుంటుంది. రోహిణి కార్తెలో నల్లరేగడి పగుళ్లలో బిందె పోస్తే బిందె మాయం. అదే నేల శ్రావణానికి ఉబ్బి, పగుళ్లు మూసుకుని, నీళ్లను పైనే నిలబెడుతుంది. హైదరాబాద్‌ను ముంచిన వానలు కూడా సీజన్ మొదట్లో వచ్చినవి కావు: 1908లో మూసీ వరద సెప్టెంబరు 28న, 2000లో ఆగస్టులో, 2020లో అక్టోబరులో. అందుకే మేలో కొలిచిన అంకెను అక్టోబరుకు నమ్మొద్దు. పేవర్ల పక్కన, కంకర ఎంత లోతు ఉందో అంత లోతు దాకా చిన్న గుంత తీసి, రాత్రంతా నీళ్లతో నానబెట్టి, తెల్లారి మళ్లీ నింపి స్కేలుతో కొలవండి. గంటకు 5 మి.మీ. దిగితే 120 మి.మీ. నీళ్లు ఒక రోజులో ఖాళీ అవుతాయి. 2 మి.మీ.యే అయితే రెండున్నర రోజులు. ఈలోపు రెండో వాన వస్తే జాగా ఉండదు. అలాంటి నేలకు, నీళ్లు బయటికి పోవడానికి అడుగున చిల్లుల పైపు తప్పదు. ఉన్నవాళ్లు దాని మూతి తెరిచి చూడండి, మాదాంట్లో ప్లాస్టిక్ కవరు దూరి ఉంది. మూతి నాలాలోకి ఉంటే, నాలా పొంగినప్పుడు నీళ్లు వెనక్కి రాకుండా వాల్వ్ పెట్టించండి. సెల్లార్ గోడ పక్కనే పేవర్లుంటే గోడకు నీళ్లు దిగని షీటు అడ్డం ఉందో లేదో కూడా కనుక్కోండి.

శుభ్రం చేసేటప్పుడు ప్రెషర్ గన్ నిటారుగా పట్టి కొడితే మట్టి ఇంకా లోపలికి పోతుంది. వాక్యూమ్ మిషన్ అద్దెకు తెచ్చి పీల్పించడమే మంచిది. పూడిక ఎక్కువగా పై అంగుళంలోనే ఉంటుంది కాబట్టి మరీ మొండికేసిన చోట చిప్స్ గీకి తీసి కొత్తవి పోయండి. మేం గేటు దగ్గర అదే చేశాం, 51 నిమిషాలు 7కి దిగింది. పూలకుండీల మట్టి, ఇసుక లోడు, సిమెంటు కలపడం పేవర్ల మీద వద్దని వాచ్‌మన్‌కు చెప్పండి, అంతకంటే ముందు ఫ్లాట్ల వాళ్లకు చెప్పండి.

చివరి పని: ఒక మూలన నాలుగంగుళాల చిల్లుల పీవీసీ పైపు కంకర అడుగుదాకా దింపి మూత పెట్టించండి. మొదటి గట్టి వాన వెలిసిన మర్నాడు అందులో కర్ర ముంచి, తడి ఎంతవరకు ఎక్కిందో చూసి గోడ మీద తేదీతో రాయండి. మూడో రోజుకీ నీళ్లుంటే ఇంజనీరును పిలవండి, ఫైల్లో పెట్టిన ఆ కాగితం కూడా తీసి పెట్టుకోండి.