గులకరాళ్ల తీరంలో సీ వాచింగ్ – 4వ పాఠం: దూరం, సైజు, మూడు టర్న్‌లు

ఒడ్డున కూర్చుని సముద్రం మీద వెళ్లే పక్షులను గుర్తుపట్టడమే సీ వాచింగ్. ఈ పాఠంలో జూలై నెల గల్స్ (తీరాల్లో తిరిగే సముద్ర పక్షులు) గురించి చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జాబితాలు చదివాక, ముందు ఒక విషయం తేలకుండా గల్స్ జోలికి వెళ్లడం మంచిది కాదనిపించింది.

ఇంగ్లండ్ ఆగ్నేయ కొసన ఉన్న డంజనెస్ తీరంలో గంటసేపు కూర్చుని, ముందు నుంచి వెళ్లిన ప్రతి పక్షినీ రాయమన్నాను. సగానికి పైగా జాబితాల్లో, నీటిలోకి దూకి చేపలు పట్టే టర్న్ అనే తెల్లటి సముద్ర పక్షుల్లో ఇక్కడ అన్నిటికంటే చిన్నవైన లిటిల్ టర్న్‌లు ఉన్నాయి. అవీ ఒకటీ రెండూ కాదు, డజన్ల కొద్దీ. బ్రిటన్ మొత్తంలో గూడు పెట్టే లిటిల్ టర్న్‌లు రెండు వేల జంటలకు మించవు. అవి కూడా ఎక్కువగా తమ కాలనీ దగ్గర, ఒడ్డును ఆనుకుని ఉన్న లోతు తక్కువ నీళ్లలో చేపలు పడతాయి. అలాంటి పక్షి మీ అందరికీ నడిసముద్రంలో గుంపులుగా ఎలా దొరికింది? ఎలా గుర్తుపట్టారో రాయమన్న చోట జవాబు ఉంది. దాదాపు అందరూ ఒకే మాట రాశారు: "చాలా చిన్నగా ఉంది."

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే పొరపాటు ఇదే. కాబట్టి ఈసారి దీని మీదే ఉంటాను. ట్రైపాడ్ కాళ్లు రాళ్లలోకి గట్టిగా దింపడం, గాలికి వీపు పెట్టి కూర్చోవడం లాంటివి మళ్లీ చెప్పను. అవి మీకు తెలిసినవే.

కొన్ని కొలతలు తీసుకుందాం. రెక్కలు చాపితే లిటిల్ టర్న్ ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 50 సెంటీమీటర్లు. కామన్ టర్న్ 80 అనుకోండి, కొన్ని ఇంకా ఎక్కువే ఉంటాయి. శాండ్విచ్ టర్న్ దాదాపు 100. గానెట్ అనే పెద్ద సముద్ర పక్షి 175 దాకా ఉంటుంది. ఇప్పుడు లిటిల్ టర్న్‌ను 500 మీటర్ల దూరంలో పెట్టండి. కామన్ టర్న్‌ను 800 మీటర్లలో, శాండ్విచ్ టర్న్‌ను కిలోమీటరులో, గానెట్‌ను కిలోమీటరూ ముప్పావులో పెట్టండి. నాలుగూ మీ కంటికి సరిగ్గా ఒకే సైజులో కనిపిస్తాయి. కొంచెం తేడాతో అని కూడా కాదు, ఒకే సైజులో. స్కోప్‌లో (ట్రైపాడ్ మీద పెట్టే టెలిస్కోప్) 30 రెట్లు పెంచి చూసినా నాలుగూ సమానంగానే పెరుగుతాయి. కాబట్టి "చిన్నగా ఉంది" అన్న మాటకు, "ఎంత దూరంలో" అన్నది పక్కన లేకపోతే, అర్థమే లేదు.

నేల మీద ఈ ఇబ్బంది రాదు. చెట్టో కంచో గోడో ఏదో ఒకటి పక్కన ఉంటుంది, దూరం మనకు తెలియకుండానే మనసు లెక్క కట్టేస్తుంది. సముద్రం మీద ఆ ఆధారం ఏదీ ఉండదు. అయినా మనసు లెక్క ఆపదు, ఏదో ఒక దూరం ఊహించుకుని పక్షికి సైజు ఇచ్చేస్తుంది. ఆ ఊహ మీకు కంటితో చూసినంత నిజంగా అనిపిస్తుంది. అందుకే ఇది ఇంత మొండి పొరపాటు.

"పక్కనే గల్ ఉంది, దానితో పోల్చాను" అని కొందరు రాశారు. పోల్చాలన్న ఆలోచన మంచిదే. కానీ స్కోప్ లోతును చదును చేసేస్తుంది. అర కిలోమీటరులో ఉన్న పక్షి, రెండు కిలోమీటర్లలో ఉన్న పక్షి ఒకే వృత్తంలో రెక్క రెక్క రాసుకుని వెళుతున్నట్టు కనిపిస్తాయి. ఫోకస్ కూడా పెద్దగా సాయం చేయదు. కొన్ని వందల మీటర్లు దాటాక రెండూ దాదాపు ఒకేలా స్పష్టంగా ఉంటాయి. రెండు పక్షులు ఒకే దూరంలో ఉన్నాయని నమ్మడానికి నేను ఒప్పుకునే సాక్ష్యం ఒక్కటే: అవి ఒకదానితో ఒకటి ఏదో చేస్తుండాలి. ఒకటి మరొకదాన్ని తరమాలి, లేదా రెండూ ఒకే చేపల గుంపు మీద దూకాలి, లేదా ఒకే చెక్క మీద పక్కపక్కన కూర్చోవాలి. ఉత్తినే పక్కన కనిపించడం చాలదు.

మరి దూరం ఎలా అంచనా వేయాలి? పక్షి నీటికి ఆనుకుని ఎగురుతుంటే దిగంతం సాయపడుతుంది. మీ కన్ను సముద్ర మట్టానికి 3 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. దిగంతం దాదాపు 6 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గులకరాళ్ల గట్టు ఎక్కి కంటి ఎత్తు 6 మీటర్లు చేస్తే అది 8 కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు 3 మీటర్ల ఎత్తు నుంచే చూస్తూ, దిగంతం గీత నుంచి అర కిలోమీటరు దూరంలోని నీటి వరకు ఉన్న పట్టీని ఏడు సమాన భాగాలు చేయండి. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న సముద్రమంతా పైన ఉన్న ఒక్క భాగంలోనే ఇరుక్కుని ఉంటుంది. మిగతా ఆరు భాగాల్లో ఉన్నది అర కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల దాకా ఉన్న నీరు. కాబట్టి నీటిని రాసుకుంటూ పోయే పక్షి దిగంతానికి ఎంత కింద కనిపిస్తే మీకు అంత దగ్గర. ఆ సన్నటి పై పట్టీలో పోయే పక్షికి సైజు చూసి పేరు పెట్టకండి. టర్న్ ఎత్తుగా ఎగురుతుంటే ఈ లెక్క పనిచేయదు, అది కూడా గుర్తుంచుకోండి.

జాలరులు వలల గుర్తుకు వదిలే జెండాలు కూడా నాకు చాలా ఇష్టం. కూర్చోగానే ఒక జెండానో, బోయానో (గుర్తు కోసం నీటిపై తేలేలా కట్టి ఉంచేది) ఎంచుకుంటాను. పక్షి దాని ముందు నుంచి పోయిందా, వెనక నుంచి పోయిందా? ఈ ఒక్క ప్రశ్నే సగం పని చేస్తుంది. జూమ్‌ను 25, 30 దాటనివ్వను. ఎండాకాలం మధ్యాహ్నం నీటి మీద గాలి మరుగుతుంటే 60 రెట్లలో కనిపించేది వణికే మరక మాత్రమే. దిగంతాన్ని వృత్తంలో పై మూడో వంతులో ఉంచుతాను, ఎందుకంటే దగ్గరి నీళ్లలో వెళ్లే పక్షులను వదులుకోవడం నాకు ఇష్టం ఉండదు. చాలామంది మధ్యలో పెడతారు. అలా పెడితే సగం వృత్తం ఖాళీ ఆకాశానికే పోతుంది.

ఇక మూడు టర్న్‌ల సంగతి. డంజనెస్‌కు దగ్గరలోని రై హార్బర్ రిజర్వ్‌లో ఈ మూడూ గూడు పెడతాయి. కాబట్టి వేసవిలో మూడూ మీ ముందు నుంచి పోవచ్చు. సైజు పక్కన పెట్టి ఎగిరే తీరు చూడండి.

శాండ్విచ్ టర్న్ రెక్క బరువుగా, లోతుగా కొడుతుంది. రెక్కలు పొడుగ్గా, కోణంగా ఉంటాయి. కనపడక ముందే చాలాసార్లు వినబడుతుంది, "కిర్రిక్" అని గరుకైన అరుపు. చేప కోసం ఎత్తు నుంచి నిటారుగా పడుతుంది, నీళ్లు చిమ్ముతాయి, పక్షి పూర్తిగా మునుగుతుంది. కామన్ టర్న్ కొట్టుడు ఇంకా తేలిక. ప్రతి ఊపుకూ ఒళ్లు కొంచెం పైకి లేస్తున్నట్టు ఉంటుంది. లిటిల్ టర్న్ రెక్కలు మిగతా రెండింటి కంటే బాగా వేగంగా ఆడతాయి. ఒకే చోట గాలిలో నిలబడి, ఆ తొందర కొట్టుడుతోనే చాలాసేపు ఉండి, దిగి, మళ్లీ లేచి నిలబడుతుంది. దూరాన సైజు తెలియకపోయినా ఈ తొందర తెలుస్తుంది. నేను లిటిల్ టర్న్ అని రాసేది ఈ తొందర చూశాకే.

ముక్కు కనిపించేంత దగ్గరగా వస్తే పని సులువు. శాండ్విచ్‌ది నల్ల ముక్కు, కొసన పసుపు. లిటిల్‌ది పసుపు ముక్కు, కొసన నలుపు. ఈ రెండూ తారుమారు చేసుకోకండి.

నుదురు గురించి ఒక హెచ్చరిక. "నుదురు తెల్లగా ఉంది కాబట్టి లిటిల్ టర్న్" అని కొందరు రాశారు. మే నెలలో అది మంచి ఆధారమే. జూన్ చివరికి వచ్చేసరికి పెద్ద శాండ్విచ్ టర్న్‌ల నుదురు కూడా తెల్లబడటం మొదలవుతుంది. గూడు పని అయిపోతుండగానే ఈకలు రాలుస్తాయి. జూలైలో ఎన్నో శాండ్విచ్‌లకు తల మీది నల్ల టోపీ వెనక్కి జరిగి ఉంటుంది. ఆ ఏటి కామన్ టర్న్ పిల్లకు కూడా నుదురు లేత రంగులోనే ఉంటుంది. శాండ్విచ్ పిల్లకైతే ముక్కు పొట్టిగా, కొసన పసుపు లేకుండా ఉంటుంది. దాన్ని చూసి ఇది వేరే టర్న్ అనుకుంటారు. కానీ అది తల్లి వెనకాలే, తిండి కోసం అరుచుకుంటూ ఎగురుతుంది. వెనకాల ఎగిరేదాన్ని చూసి అయోమయంలో పడకుండా, ముందు ఎగిరేదాన్ని చూడండి.

కొందరు "స్కువా" (ఇతర పక్షులను తరిమి వాటి చేపలు లాక్కునే సముద్ర పక్షి) అని రాసిన వాటి గురించి క్లుప్తంగా. జూలై నుంచి గోధుమ రంగు గల్ పిల్లలు తీరమంతా ఉంటాయి. వాటిలో కొన్ని టర్న్‌లను తరుముతాయి కూడా. కాబట్టి గోధుమ రంగు, తరమడం రెండూ చాలవు. ఆర్కిటిక్ స్కువా రెక్క చివర తెల్లటి మెరుపు చూడండి. అది డేగలా పట్టు విడవకుండా, టర్న్ నోటిలోని చేప పడేదాకా ప్రతి మలుపూ దానితోనే తిరుగుతుంది. గల్ పిల్ల రెండు మలుపులకే వదిలేస్తుంది. ఇంకో సంకేతం టర్న్‌లే ఇస్తాయి: స్కువా వస్తే గుంపంతా ఒక్కసారిగా దగ్గరకు చేరి పైకి లేస్తుంది. సాధారణంగా నాకు ముందు ఆ లేవడమే కనిపిస్తుంది, స్కువా తర్వాత.

గానెట్ కూడా కొందరిని తికమక పెట్టింది. పూర్తి తెలుపు వచ్చేదాకా గానెట్‌కు కొన్నేళ్లు పడుతుంది. మచ్చల గానెట్‌లు వేసవంతా ఇంగ్లిష్ ఛానెల్‌లో తిరుగుతూనే ఉంటాయి. ముందూ వెనకా రెండు కొసలూ సూదిగా ఉన్న ఆ ఒంటి ఆకారం చూడండి, రంగు చూడకండి. మాంక్స్ షియర్‌వాటర్‌ను అందరూ సరిగ్గానే పట్టుకున్నారు, సంతోషం. బిగుసుకున్న రెక్కలతో కొన్ని కొట్టుళ్లు, తర్వాత ఒంటిని వంచి జారడం, ఒకసారి వీపు నలుపు, ఒకసారి పొట్ట తెలుపు. మురికి గోధుమ రంగు పొట్టతో అలాగే ఎగిరేది ఒకటి కనిపిస్తే మాత్రం జాగ్రత్తగా చూసి రాసుకోండి. బలేరిక్ దీవుల్లో గూడు పెట్టి, వేసవిలో ఉత్తరానికి వచ్చే బలేరిక్ షియర్‌వాటర్ కావచ్చు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న పక్షుల్లో అది ఒకటి.

ఎక్కడ కూర్చోవాలని అడిగినవారికి ఒక మాట. పాత పుస్తకాలన్నీ మిమ్మల్ని ప్యాచ్‌కు పంపిస్తాయి. డంజనెస్ అణు విద్యుత్ కేంద్రం వేడి నీరు సముద్రంలోకి వదిలే చోటు అది. గల్స్, టర్న్‌లు గుమిగూడేవి. కేంద్రంలో 2018లో విద్యుత్ ఉత్పత్తి ఆగిపోయింది, నీరు ఇప్పుడు ఆ స్థాయిలో రాదు. అక్కడ పక్షులు కనపడలేదని నిరాశ పడకండి. గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీచే రోజు, ఆకాశం మబ్బుగా ఉన్న రోజు ఎంచుకోండి. ఎండ బాగా కాసి నీరు అద్దంలా ఉన్న రోజున చాలా పక్షులు ఆ పై పట్టీలోనే పోతాయి.

దారిలో మాత్రం నా మాట తప్పకుండా వినండి. మే నుంచి ఆగస్టు దాకా, పోటు గుర్తుకు పైన ఉన్న ఖాళీ రాళ్ల మీద నడవకండి. రింగ్డ్ ప్లవర్ అనే చిన్న తీర పక్షి, లిటిల్ టర్న్ అక్కడే, రాళ్ల మధ్యే గుడ్లు పెడతాయి. గుడ్డు రంగు, మచ్చలు గులకరాయిలాగే ఉంటాయి, కాలు పడ్డాకే తెలుస్తుంది. రింగ్డ్ ప్లవర్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరిగెడితే, గూడో పిల్లలో మీ కాళ్ల దగ్గరే ఉన్నాయని అర్థం. అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. లిటిల్ టర్న్ గూటి దగ్గర ఉండగా కావాలని గానీ నిర్లక్ష్యంగా గానీ ఇబ్బంది పెట్టడం బ్రిటన్‌లో వన్యప్రాణులను కాపాడే 1981 చట్టం ప్రకారం నేరం కూడా. అసలు అంత తక్కువ మిగిలిన పక్షిని తప్పుగా డజన్లలో రాస్తే ఎందుకు బాధపడతానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. దానికి ఇచ్చే రక్షణ, తాళ్లు కట్టే చోటు, కాపలా ఉండే మనుషులు, ఇవన్నీ నిర్ణయించడంలో రాసిన అంకెలకూ పాత్ర ఉంటుంది.

అభ్యాసం ఈసారి కష్టంగానే ఉంటుంది. మూడు వేర్వేరు రోజులు, రోజుకు గంట కూర్చోండి. మొదటి అరగంట ఏ పక్షికీ పేరు పెట్టకూడదు, మనసులో కూడా. ఒక బోయా గానీ జెండా గానీ ఎంచుకుని, ఒక్కో టర్న్‌కు నాలుగే విషయాలు రాయండి: దాని ముందు నుంచి పోయిందా వెనక నుంచా, దిగంతానికి ఎంత కింద ఉంది, పది సెకన్లలో రెక్క ఎన్నిసార్లు కొట్టింది, నీటిలోకి ఎలా దిగింది. లెక్క పెట్టేటప్పుడు కన్ను స్కోప్ నుంచి తీయకండి, ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోండి. నోట్‌బుక్ వైపు చూసే లోపు పక్షి పోతుంది. ఇలా ఇరవై టర్న్‌లు అయ్యేదాకా రెండో అరగంట మొదలుపెట్టకండి. రెండో అరగంటలో పేర్లు పెట్టొచ్చు. కానీ పేరు పక్కన కారణం రాయాలి, ఆ కారణంలో "చిన్న", "పెద్ద" అన్న మాటలు ఉండకూడదు. కారణం దొరకని వాటికి "టర్న్" అని మాత్రమే రాయండి. అలాంటివి మీ కాగితంలో సగం ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మూడు రోజుల కాగితాలూ కలిపి పంపండి, వాటిని చూసిన తర్వాతే గల్స్ పాఠం మొదలుపెడతాను.