జీడిపప్పు మానలేదు, తూచుకున్నాను

రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో గంట నడిచేదాన్ని. అన్నం సగానికి తగ్గించాను. అయినా రెండు నెలలు బరువు కదల్లేదు, ఒకటే టెన్షన్. సాయంత్రం డబ్బా ఒళ్లో పెట్టుకుని తినే పలాస జీడిపప్పు మీద మాత్రం అనుమానం రాలేదు. మంచి తిండే కదా!

ఓ రోజు ఆ గుప్పెళ్లు కాటా మీద పోసి చూస్తే 70 గ్రాములు. వంద గ్రాములకు దాదాపు 550 కేలరీలు. అంటే నేను రోజూ 385 అదనంగా తింటున్నాను, దాదాపు ఒక పూట భోజనం.

పూర్తిగా మానడం నాకు సరైనదనిపించలేదు. వాటిలో ప్రోటీన్, పీచు, మంచి కొవ్వు ఉన్నాయి, కొంచెం తిన్నా ఆకలి ఆగుతుంది. అందుకే ఆదివారం 25 గ్రాముల చొప్పున ఏడు బుల్లి డబ్బాల్లో సర్దుతున్నాను: కొన్ని బాదం, కొన్ని జీడిపప్పు, మిగతావి వేరుశెనగ గుళ్లు. నేతిలో వేయించను, ఉత్త మూకుడులో సన్న సెగ మీద వేయిస్తాను. ఉప్పు అసలు వెయ్యను, ఉప్పు తగిలితే చెయ్యి ఆగదు. ముఖ్యంగా, వీటిని బజ్జీలకు తోడుగా కాదు, బజ్జీలకు బదులుగా తింటాను.

మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. పెద్ద డబ్బా ఇప్పుడు అటక మీద ఉంది.