ఇ. కోలైలో రుబిస్కో తయారీ: ప్లాస్మిడ్ ఎంపిక నుంచి పనితీరు కొలిచే దాకా

కార్బన్ డయాక్సైడ్‌ను సేంద్రియ పదార్థంలో చేర్చే కాల్విన్ చక్రపు (కిరణజన్య సంయోగక్రియలో చక్కెరలు తయారయ్యే దశ) కీలక ఎంజైము రుబిస్కో. దీన్ని ఇ. కోలై అనే బాక్టీరియాలో పుట్టించడం కష్టం కాదు. పుట్టిన ప్రోటీను సరిగ్గా మడతపడేలా చూడటమే అసలు పని. ప్లాస్మిడ్‌కు (జన్యువును కణంలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏకు) సంబంధించిన ప్రతి నిర్ణయమూ దీన్ని దృష్టిలో పెట్టుకునే తీసుకోవాలి.

ముందుగా జన్యువును ఎంచుకోవాలి. రోడోస్పిరిల్లమ్ రూబ్రమ్ బాక్టీరియా రుబిస్కోలో రెండు పెద్ద సబ్‌యూనిట్లు (ఎంజైములో భాగమైన ప్రోటీను గొలుసులు) మాత్రమే ఉంటాయి గనుక కొత్తవారికి అదే సులువు. మొక్కల్లో మాదిరిగా ఎనిమిది పెద్ద, ఎనిమిది చిన్న సబ్‌యూనిట్లు కలిసిన రూపం కావాలంటే సైనెకోకాకస్ అనే సయనోబాక్టీరియా జన్యువులు తీసుకోవడం మేలు. మొక్క జన్యువులతోనే ప్రారంభించాలన్న ఉత్సాహాన్ని కొంతకాలం పక్కన పెట్టడం మంచిది. 2017లో అరబిడాప్సిస్ రుబిస్కోను ఇ. కోలైలో తయారు చేసినప్పుడు క్లోరోప్లాస్ట్ చాపరోనిన్‌లతో (ఇతర ప్రోటీన్లు సరిగ్గా మడతపడేందుకు తోడ్పడే ప్రోటీన్లతో) పాటు మరో నాలుగు సహాయక ప్రోటీన్లను కూడా అందించవలసి వచ్చింది.

సైనెకోకాకస్ విషయంలో పెద్ద సబ్‌యూనిట్ జన్యువు, దాని వెనుక చిన్న సబ్‌యూనిట్ జన్యువు అన్న సహజ వరుసను అలాగే ఉంచి, టీ7 ప్రమోటరు (జన్యువును పని చేయించే డీఎన్ఏ భాగం) గల పెట్ (pET) తరగతి ప్లాస్మిడ్‌లో చేర్చాలి. చిన్న సబ్‌యూనిట్ లేకపోతే పెద్దవి ఎనిమిదీ కలిసినా ఎంజైము దాదాపు పని చేయదు. శుద్ధి కోసం హిస్టిడిన్ ట్యాగ్ (ప్రోటీను కొనకు తగిలించే కొన్ని హిస్టిడిన్‌ల వరుస) పెట్టదలిస్తే పెద్ద సబ్‌యూనిట్ సి-కొనను, అంటే గొలుసు చివరి కొనను, వదిలిపెట్టాలి, ఎందుకంటే చర్య జరిగే సమయంలో ఆ తోక క్రియాస్థానాన్ని మూసే పనిలో పాల్గొంటుంది.

మడతపెట్టే పనికి ఇ. కోలై సొంత గ్రోఈఎల్, గ్రోఈఎస్ చాపరోనిన్‌లు అవసరమని 1989లోనే తేలింది. కణంలో మామూలుగా ఉండే మోతాదు సరిపోదు కాబట్టి, పీగ్రో7 (pGro7) వంటి రెండో ప్లాస్మిడ్ ద్వారా వాటిని అదనంగా తయారు చేయించాలి. పెట్ ప్లాస్మిడ్ ప్రతికృతి మూలం (ప్లాస్మిడ్ నకలు మొదలయ్యే చోటు) పీబీఆర్322 రకానిది, రెండోదానిది పీ15ఏ రకానిది కావడం వల్ల రెండూ ఒకే కణంలో నిలకడగా ఉంటాయి. టీ7 ప్రమోటరును పని చేయించగల బీఎల్21 డీఈ3 అనే ఇ. కోలై కణాల్లోకి రెంటినీ ప్రవేశపెట్టి, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల కానమైసిన్, 20 మైక్రోగ్రాముల క్లోరాంఫెనికాల్ ఉన్న ప్లేట్లపై పెంచాలి; ఈ యాంటీబయాటిక్‌లు రెండు ప్లాస్మిడ్‌లూ ఉన్న కణాలనే బతకనిస్తాయి (పెట్ ప్లాస్మిడ్ కానమైసిన్ నిరోధకత గలది కావాలి).

ప్రేరణలో, అంటే జన్యువులను పని మొదలుపెట్టించడంలో, క్రమం ముఖ్యం. ముందు పీగ్రో7ను ప్రేరేపించే అరబినోజ్ చక్కెర వేసి చాపరోనిన్‌లు పోగయ్యే దాకా ఆగి, ఆ తర్వాతే ఉష్ణోగ్రతను 20 నుంచి 25 డిగ్రీలకు తగ్గించి రుబిస్కో జన్యువులను ప్రేరేపించే ఐపీటీజీ అనే రసాయనాన్ని కొద్ది మోతాదులో కలిపి రాత్రంతా ఉంచాలి. తొందరపడి 37 డిగ్రీల వద్ద ప్రేరేపిస్తే పెద్ద సబ్‌యూనిట్ చాలా భాగం గడ్డకట్టి అవక్షేపంలోకి పోతుంది.

కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేశాక, తేటనూ అవక్షేపాన్నీ పక్కపక్కనే ఎస్‌డీఎస్ జెల్‌పై (ప్రోటీన్లను విడదీసి, పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్‌పై) నడపాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు: గ్రోఈఎల్ సుమారు 57 కిలోడాల్టన్లు, పెద్ద సబ్‌యూనిట్ సుమారు 53 కిలోడాల్టన్లు, రెండు పట్టీలూ దాదాపు అంటుకుని కనిపిస్తాయి. అందువల్ల లావుపాటి పట్టీని చూసి సంతోషపడకుండా, 13 కిలోడాల్టన్ల దగ్గర చిన్న సబ్‌యూనిట్ ఉందో లేదో చూసి, సంపూర్ణ సముదాయాన్ని నేటివ్ జెల్‌పై (సబ్‌యూనిట్లను విడదీయని జెల్‌పై) నిర్ధారించుకోవాలి.

పనితీరు కొలిచే ముందు ఎంజైమును మెగ్నీషియం, బైకార్బొనేట్ ఉన్న పీహెచ్ 8 బఫరులో కొద్దిసేపు ఉంచి ఉత్తేజపరచాలి. క్రియాస్థానంలోని లైసిన్‌కు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు చేరనిదే అది పని మొదలుపెట్టదు. ఆపై రుబిస్కో కార్బన్ డయాక్సైడ్‌ను చేర్చే చక్కెర అయిన రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్‌ను కలిపి, రుబిస్కో ఉత్పత్తిని ఎన్‌ఏడీహెచ్ ఖర్చుతో మార్చే అనుసంధాన ఎంజైముల ద్వారా ఎన్‌ఏడీహెచ్ తరుగుదలను 340 నానోమీటర్ల వద్ద గమనించాలి. స్థిరీకరణ పొందిన ప్రతి కార్బన్ డయాక్సైడ్ అణువుకూ రెండు ఎన్‌ఏడీహెచ్ అణువులు ఖర్చవుతాయి కనుక వచ్చిన వేగాన్ని రెండుతో భాగించాలి. శుద్ధి చేయని కణసారంలో ఇతర ఎంజైములు కూడా ఎన్‌ఏడీహెచ్‌ను వాడేస్తాయి. అందుచేత రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ కలపని నమూనా వేగాన్ని తీసివేసిన తర్వాతే లెక్క కట్టాలి.