పాత లండన్ కొట్ల టోకెన్ చదవడం ఎలా

ఆన్‌లైన్ వేలంలోనో మ్యూజియం ఫొటోల్లోనో వేలిగోరంత ఇత్తడి బిళ్ళ, చుట్టూ అక్షరాలు, మధ్యలో ఏదో బొమ్మ కనిపిస్తే, అది 1648-1672 మధ్య ఇంగ్లండ్‌లో ఒక కొట్టువాడు సొంతంగా కొట్టించుకున్న చిల్లర కావచ్చు. అప్పట్లో ప్రభుత్వం ఫార్దింగులు, అంటే పావు పెన్నీలు, వేయడం మానేసింది, బీరుకీ కొవ్వొత్తికీ చిల్లర ఎక్కడిది? మన కిరాణా కొట్లో చాక్లెట్ చేతిలో పెట్టినట్టే వాళ్ళు టోకెన్ ఇచ్చేవాళ్ళు, కాకపోతే దాన్ని మళ్ళీ తీసుకెళ్తే సరుకిచ్చేవాళ్ళు.

ముందు ఒక మాట, అసలు బిళ్ళే చేతికొస్తే బిందెల్ని తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు ఇంకా అరిగిపోతాయి. టార్చి ఏటవాలుగా పట్టండి చాలు.

అంచు చుట్టూ ఉన్న రాతని పైన చిన్న నక్షత్రం దగ్గర మొదలుపెట్టి చదవాలి. ఒకవైపు మనిషి పేరు, రెండోవైపు వీధి పేరు ఉంటాయి. స్పెల్లింగులు చూసి కంగారుపడొద్దు, పెన్నీని ఒక్క ఎన్‌తో రాసేవాళ్ళు, జె బదులు ఐ వాడేవాళ్ళు.

అసలు మజా సాధారణంగా బొమ్మకి రెండోవైపు మధ్యలో ఉండే మూడు అక్షరాల్లో ఉంది. పైది ఇంటిపేరు, కింద ఎడమది భర్త పేరు, కుడిది భార్య పేరు. పైన ఆర్, కింద ఐ, ఎమ్ ఉన్నాయనుకోండి, ఐ అంటే జాన్ కావచ్చు, జేమ్స్ కావచ్చు, ఎమ్ బహుశా మేరీ. మరే రికార్డులోనూ దొరకని ఆడవాళ్ళు కొందరు ఇలా ఒక్క అక్షరంగా మిగిలారు.

బొమ్మ విషయంలో మాత్రం తొందరపడకండి. చక్కెర దిమ్మ ఉంటే సరుకుల కొట్టు కావచ్చు, టర్కీ సుల్తాను తల ఉంటే కాఫీ హౌస్ కావచ్చు. కానీ అప్పుడు ఇళ్ళకి నంబర్లు లేవు, తలుపు మీద వేలాడే బోర్డు బొమ్మే అడ్రసు, కాబట్టి సింహం బొమ్మ చూసి ఏం అమ్మేవాడో చెప్పలేం.

తేదీ కూడా చూడండి. 1672లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ సొంత రాగి నాణేలు తెచ్చి టోకెన్లు నిషేధించాడు, ఆ తర్వాతి తేదీ ఉంటే అది ఐర్లండ్‌ది కావచ్చు, అక్కడ 1679 దాకా నడిచాయి. పెద్దగా, బరువుగా, ముసుగేసుకున్న గడ్డపు తలతో ఉంటే మాత్రం అది 1787 నుంచి వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి రాగి గనులవాళ్ళు వేసిన రకం, దానికి ఈ లెక్కలేవీ పనికిరావు.