భీమిలిలో అద్దెకు దిగే ముందు

ఇల్లు భీమిలిలో, వారంలో కొన్ని రోజులే విశాఖలో పని అనుకునేవారు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు నీళ్లు. తీరం దగ్గర బోర్లలోకి ఉప్పునీరు చేరుతుంది, ఎండాకాలంలో మరీను. కుళాయి నీళ్లతో సబ్బు నురుగు వస్తుందో లేదో చూడండి. పక్కింటివాళ్లను అడగండి, ఓనరుగారి మాట ఒక్కటే చాలదు. తాగడానికి క్యాన్లు కొనాల్సొస్తే ఆ ఖర్చునూ అద్దెలో కలిపి లెక్కేసుకోండి.

• ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కిటికీ ఊచలు, గేటు, మీటరు బోర్డు తడిమి చూడండి. శ్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తే, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు.

• మీరు పని ముగించే వేళకే ఒకసారి విశాఖ నుంచి బస్సెక్కి రండి. ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టరునే అడగండి. సెలవుల్లో దారిలోని రుషికొండ బీచ్ దగ్గర రద్దీ ఉంటుంది.

• అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది, చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. పల్లపు వీధి, రేకుల కప్పు వద్దు.

• అగ్రిమెంటులో అద్దె తేదీ, ఖాళీ చేయడానికి నోటీసు గడువు, రంగుల ఖర్చు ఎవరిదో రాయించుకోండి. పార్ట్‌టైమ్ జీతం ఏ తేదీన పడుతుందో చూసుకుని అద్దె తేదీ అడగండి.