కొత్త మోడల్‌ గురించి ముందే చెప్పాలా? చిన్న ఎలక్ట్రానిక్స్‌ కంపెనీలకు ఒక లెక్క

మీ పాత మోడల్‌ ఇంకా షాపుల్లో అమ్ముడవుతోంది, కొత్తది దాని స్థానంలో రాబోతోంది. అలాంటప్పుడు కొత్త సరుకు గోడౌన్‌కు చేరేదాకా బయట మాట్లాడవద్దు. కొత్తది మీ పాత సరుకు దేనికీ అడ్డు రానిదైతే ముందే చెప్పవచ్చు, కొన్నిసార్లు చెప్పి తీరాలి. మీది ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి స్టాక్‌ లెక్కతో మొదలుపెట్టండి.

బ్లూటూత్‌ ఉన్న 2.1 స్పీకర్‌ సెట్‌ (రెండు స్పీకర్లు, ఒక వూఫర్‌) ఒకటి అమ్ముతున్నారనుకుందాం. గోడౌన్‌లో 400, డీలర్ల దగ్గర 600, నెలకు అమ్మేవి 250. అంటే నాలుగు నెలల సరుకు. ఈరోజే కొత్త మోడల్‌ ఫొటో పెడితే డీలర్‌ అడిగే మొదటి మాట, ‘నా దగ్గరున్న వాటి సంగతేంటి సార్‌?’ సెట్‌కు 400 రూపాయల క్రెడిట్‌ నోట్‌ (డీలర్‌ ఖాతాలో తగ్గింపు) ఇచ్చారనుకున్నా 600 సెట్లకు 2,40,000. గోడౌన్‌లోవి సెట్‌కు 500 తగ్గించి వదిలించుకుంటే మరో 2,00,000. తొందరపడి చెప్పినందుకు అయ్యే ఖర్చు 4,40,000 రూపాయలు. అదే గోడౌన్‌, డీలర్లు అన్నీ కలిపి 250కి దిగాక చెబితే, మొత్తానికీ క్రెడిట్‌ నోట్‌ ఇచ్చినా లక్ష దాటదు.

చాలామంది గోడౌన్‌ స్టాక్‌ ఒక్కటే చూసి లెక్క తప్పుతారు. బిల్లు వేసిన సరుకంతా అమ్ముడైనట్టు కాదు. పెద్ద డీలర్లు పదిమందికి ఫోన్‌ చేసి షాపులో ఎన్ని మిగిలాయో అడిగి రాసుకోండి. పాత మోడల్‌కే పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు, క్యాబినెట్లు, ప్రింటు వేయించిన అట్టపెట్టెలు కూడా లెక్కలోకి రావాలి.

‘వస్తుంది’ అన్న ఒక్క మాట అమ్మకాలను ఎలా ఆపేస్తుందో 2025లో మన షాపుల్లోనే కనిపించింది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గింపు మాట వచ్చింది. ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు 28 శాతం నుంచి 18కి వస్తాయని సెప్టెంబరు 3న తేలింది, అమలు 22 నుంచి. ఆ మధ్యలో కొనేవాళ్లు ఆగిపోయారు. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. నెల అమ్మకాల మీద జీతాలిచ్చే కంపెనీకి కష్టం. అమెరికాలో ఆస్‌బోర్న్‌ కంప్యూటర్‌ కంపెనీ ఉదాహరణ అందరూ చెప్పేదే: 1983లో కొత్త మోడల్‌ గురించి ముందే చెప్పడంతో డీలర్లు పాత మోడల్‌ ఆర్డర్లు ఆపేశారని, సెప్టెంబరుకల్లా దివాలా పిటిషన్‌ వేసిందని. అయితే అప్పటికే కేప్రో లాంటి చవక పోటీ మీద పడి ఉంది, తప్పంతా ప్రకటనదే అనడం సరికాదు.

ఇక తేదీ సంగతి. హైదరాబాద్‌లో నమూనాలు తయారుచేసే టీ-వర్క్స్‌లాంటి చోట నమూనా చేయించుకుని, త్రీడీ ప్రింట్‌ పెట్టె చేతికి రాగానే తేదీ ప్రకటించడం ఆలూ లేదు చూలూ లేదు అన్న బాపతు. తేదీని కదిలించేవి మోల్డ్‌ (ప్లాస్టిక్‌ భాగాలు పోసే అచ్చు), పైలట్‌ బ్యాచ్‌ (అమ్మకానికి ముందు పరీక్షకు చేసే చిన్న విడత), అనుమతులు, విడిభాగాలు. నాలుగూ తేలాకే క్యాలెండర్‌ తీయండి.

మోల్డ్‌ నుంచి వచ్చే మొదటి శాంపిల్‌ దాదాపు ఎప్పుడూ సరిగా ఉండదు. స్క్రూ బిగించే చోట పగుళ్లు, మందం ఎక్కువైన చోట గుంటలు, మూత వంగి గాలి లీకై, పాటలో లోతైన బేస్‌ మోత వచ్చినప్పుడు బర్రుమనే శబ్దం. ఒక్కో సవరణకు రెండు మూడు వారాలు పెట్టుకోండి, కనీసం రెండు సవరణలు ఉంటాయనే లెక్క వేయండి.

తర్వాత అసలు మోల్డ్‌తో, అసలు రంగుతో 50 సెట్ల పైలట్‌ బ్యాచ్‌. రంగు మాట ఊరికే అనలేదు. నమూనాలో బ్లూటూత్‌ పది మీటర్లు చక్కగా అందుతుంది. క్యాబినెట్‌కు లోహపు పొడి కలిసిన సిల్వర్‌ పెయింట్‌ వేశాక, ముందు ఇనుప జాలీ బిగించాక, అదే సర్క్యూట్‌ బోర్డు సిగ్నల్‌ పక్క గదిలోకి కూడా అందకపోవచ్చు. యాంటెన్నా చోటు మార్చాలంటే బోర్డు మళ్లీ గీయాలి, నెల పోతుంది. ‘10 మీటర్ల రేంజ్‌’ అని అప్పటికే ప్రకటించి ఉంటే అది తప్పుడు ప్రకటన కిందికొస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జరిమానా మొదటిసారికే 10 లక్షల దాకా ఉండవచ్చు. పైలట్‌ సెట్లను 48 గంటలు ఆపకుండా మోగించండి, వేరియాక్‌ (వోల్టేజీ పెంచి తగ్గించే పరికరం) పెట్టి 170 నుంచి 270 వోల్టుల దాకా తిప్పి చూడండి.

అనుమతుల్లో బ్లూటూత్‌ స్పీకర్లకు, పవర్‌ అడాప్టర్లకు బీఐఎస్‌ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి. వైర్‌లెస్‌కు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ (పరికరం రకానికి ఆమోదం) కావాలి. పవర్‌ సప్లైలో ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్‌ లాంటివి టెస్ట్‌ తర్వాత మారిస్తే మళ్లీ ల్యాబ్‌ మెట్లెక్కాలి. అందుకే టెస్ట్‌కు పంపేది పైలట్‌ బ్యాచ్‌ సెట్‌నే. విడిభాగాల విషయంలో సప్లయర్‌ ‘ఉన్నాయి’ అంటే చాలదు. చిప్పులు, మాడ్యూళ్లు మొదటి బ్యాచ్‌కు సరిపడా మీ స్టోర్‌లో ఉండాలి.

గుట్టు మీరు దాచినా బయటపడే దారులున్నాయి. బీఐఎస్‌ రిజిస్టర్‌ చేసిన బ్రాండ్లు, మోడల్‌ నంబర్లు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. కాబట్టి రిజిస్ట్రేషన్‌లో ఊరించే పేరు కాకుండా చప్పటి నంబర్‌ వాడండి, అదే నంబర్‌ సెట్‌ మీద లేబుల్‌పై ఉండాలి. డీలర్‌కు పంపిన ఫొటో సాయంత్రానికి నాలుగు వాట్సాప్‌ గ్రూపుల్లో ఉంటుంది, చూపించాలంటే షాపుకు తీసుకెళ్లి చూపించండి. పెట్టె ఆకారానికి డిజైన్‌ రిజిస్ట్రేషన్‌ కావాలంటే ఫొటో బయటికి రాకముందే దరఖాస్తు వేయాలి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం ముందే బయటపడిన డిజైన్‌ రిజిస్టర్‌ కాదు. పేటెంట్‌ ఆలోచన ఉంటే ప్రొవిజనల్‌ (తాత్కాలిక) దరఖాస్తు వేసి మాట్లాడండి, పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువుంటుంది.

నెలల ముందే చెప్పి తీరాల్సిన సరుకుకు మంచి ఉదాహరణ స్మార్ట్‌ స్విచ్‌. మన ఇళ్లలో చాలా స్విచ్‌ బోర్డుల్లోకి న్యూట్రల్‌ వైరు రాదు, ఫేజ్‌ మాత్రమే వస్తుంది. మీ మాడ్యూల్‌కు న్యూట్రల్‌ కావాలంటే ఆ సంగతి బిల్డర్‌కు గోడలో పైపులు వేసేనాటికే తెలియాలి, ప్లాస్టరింగ్‌ అయ్యాక చెప్పి లాభం లేదు. బిల్డర్లకు, ఎలక్ట్రీషియన్లకు ఇవ్వాల్సింది ఒక పేజీ కాగితం: బాక్స్‌ లోతు ఎన్ని మిల్లీమీటర్లు, న్యూట్రల్‌ కావాలా వద్దా, ఒక్కో స్విచ్‌కు ఎంత లోడ్‌, ఫ్యాన్‌కు వేరే మాడ్యూల్‌ ఉందా. ధర, రంగులు అక్కర్లేదు. ఇంటి యజమానులకు ప్రకటన తర్వాత ఎప్పుడో.

పండగ సరుకుకు పద్ధతి వేరు. దసరా, దీపావళికి డీలర్లు డబ్బు ముందే సర్దుకుంటారు కాబట్టి నెలన్నర ముందు వాళ్లకు, సరుకు షాపుల్లోకి చేరాక జనానికి చెప్పండి. అప్పటికి పైన చెప్పిన నాలుగూ తేలకపోతే ఆ పండగ వదిలేసి సంక్రాంతి చూసుకోవడమే. దీపావళి మర్నాడు చేరిన సరుకు డీలర్‌ కళ్లలో అప్పుడే పాతది.

ముందస్తు బుకింగ్‌ డబ్బుతో మోల్డ్‌ చేయించవద్దు. పెబుల్‌ స్మార్ట్‌ వాచీ 2012లో, జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌ వెబ్‌సైట్లో కోటి డాలర్లకు పైగా తెచ్చుకుంది, సెప్టెంబరులో ఇస్తామని చెప్పి 2013 జనవరిలో పంపడం మొదలుపెట్టింది. అడ్వాన్సు తీసుకోక తప్పకపోతే విడి ఖాతాలో ఉంచండి, అడిగిన రోజే వాపసు అని రాసివ్వండి. ప్రైవేట్‌ లిమిటెడ్‌ కంపెనీ అయితే సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లో సరుకుకు సర్దాలి, దాటితే డిపాజిట్‌ కింద లెక్కకొస్తుంది. సరుకు అడ్వాన్సు మీద సాధారణ జీఎస్టీ డీలర్‌ అప్పటికప్పుడు పన్ను కట్టక్కర్లేదు, బిల్లు వేసినప్పుడు కడితే చాలు.

ప్రకటనలో పైలట్‌ బ్యాచ్‌లో కొలిచిన అంకెలే రాయండి. వాట్లు రాస్తే ఆర్‌ఎంఎస్‌ వాట్లు, అంటే ఒక్క క్షణం తాకే గరిష్ఠం కాదు, ఆగకుండా ఇవ్వగలిగే పవర్‌. పాత మోడల్‌కు సర్వీసు, స్పేర్లు ఎప్పటిదాకా దొరుకుతాయో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే మిగిలిన ఆ 250 సెట్లూ కదలవు.

అయినా తేదీ తప్పిందా, తప్పుతుందని తెలిసిన రోజే డీలర్లకు మీరే ఫోన్‌ చేయండి, సేల్స్‌మన్‌తో చెప్పించవద్దు. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, అడ్వాన్సు వాపసు కావాలా అని మీరే అడగండి. కొత్త తేదీ మాత్రం ఆ ఫోన్‌లో ఇవ్వవద్దు. ఆలస్యానికి కారణమైన పార్టు చేతికొచ్చి, బిగించిన సెట్‌ 48 గంటలు మోగాక ఇవ్వండి.