కాలి ఆపరేషన్ తర్వాత తేడాగా అనిపిస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

కాలికి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మొదటి నెలంతా అనుమానాలే. ఈ వాపు మామూలేనా? ఈ వేడి ఏమిటి? డాక్టరుకు ఫోన్ చేయాలా, ఆగాలా? రాడ్ వేసినా, ప్లేటు బిగించినా, మోకీలు మార్చినా ఒక ప్రశ్నతోనే సగం తేలిపోతుంది: నిన్నటికన్నా ఇవాళ తగ్గిందా, పెరిగిందా? మానుతున్న కాలు కొద్దికొద్దిగానైనా మెరుగవుతూ ఉంటుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగిందంటే కారణం వెతకాలి. అయితే రేపటిదాకా ఆగి చూసే వ్యవధి ఇవ్వని సమస్య ఒకటుంది. ముందు అదే.

మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చినా నొప్పి లొంగడం లేదు

మోకాలి కింది ఎముక విరిగినప్పుడు, దానికి రాడ్ వేశాక, లేదా పిండికట్టు బిగుసుకున్నప్పుడు మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇది వస్తుంది. పిక్కలోని కండరాలు సాగని పొరల మధ్య అరల్లో ఉంటాయి. లోపల వాపు పెరిగితే ఆ అరలో ఒత్తిడి పెరిగి, కండరానికీ నరానికీ రక్తం అందదు. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

గుర్తుపట్టడానికి కాలివేళ్లను చేత్తో పట్టుకుని మెల్లగా ఒకసారి పైకి, ఒకసారి కిందికి వంచండి. పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి పుడితే అనుమానించాల్సిందే. పిక్క రాయిలా గట్టిగా తగలడం, వేళ్ల మధ్య తిమ్మిరి ఎక్కడం కూడా చూడండి. ఇక్కడ చాలామంది మోసపోయేది నాడి దగ్గర. పాదం మీద నాడి కొట్టుకుంటోంది కదా, రక్తం బాగానే వస్తోందని ధైర్యపడతారు. ఈ సమస్యలో నాడి చాలాసేపు మామూలుగానే కొట్టుకుంటుంది. అది ఆగేదాకా చూస్తే ఆలస్యమైపోయినట్టే. నడుముకో నరానికో మత్తు ఇచ్చి ఉంటే నొప్పి తెలియకపోవచ్చు కూడా, కాబట్టి నర్సులు గంటగంటకీ వచ్చి వేళ్లు కదిలిస్తుంటే విసుక్కోకండి.

కట్టును, కింది దూదితో సహా, చర్మం కనిపించేదాకా చీల్చాలి. కాలును గుండె ఎత్తులోనే ఉంచాలి. వాపు తగ్గుతుందని దిండ్ల మీద ఎత్తుగా పెడితే అందే కొద్ది రక్తమూ తగ్గుతుంది. ఇంట్లో ఉంటే వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. అక్కడ అర లోపలి ఒత్తిడి కొలుస్తారు. బీపీలో కింది అంకెకూ దీనికీ మధ్య తేడా 30 కన్నా తగ్గితే, ఆ పొరను పొడవునా కోసి ఒత్తిడి వదిలిస్తారు. ఆ కోతను వెంటనే కుట్టరు. కొన్ని రోజులాగి, వాపు తగ్గాక కుడతారు, లేదా వేరేచోటి చర్మం తెచ్చి అతికిస్తారు. చూడ్డానికి భయంగానే ఉంటుంది గానీ కాలు దక్కేది దానివల్లే. 6 గంటలు దాటేకొద్దీ శాశ్వత నష్టం పెరుగుతుంది.

పిక్క వాచింది, నొక్కితే నొప్పి

ఆపరేషన్ వాపు సాయంత్రానికి పెరిగి, రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి కాస్త దిగుతుంది. పొద్దున కూడా దిగకుండా, రెండో కాలితో పోలిస్తే ఒక్క పిక్కే లావెక్కి, బిగుతుగా, వెచ్చగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. తుంటి, మోకీలు మార్పిడి తర్వాత ఈ భయం మొదటి వారాల్లో ఎక్కువ, దాదాపు 3 నెలల దాకా ఉంటుంది. పాదం పైకి వంచితే పిక్క నొప్పెడితే గడ్డేనని ఓ పాత పరీక్ష ఉంది. దాన్ని నమ్మలేం. సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కానే తేలుస్తుంది.

తేలేదాకా పిక్కకు నూనె రాసి మర్దన మాత్రం వద్దు. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరొచ్చు. గడ్డ ఉందని తేలితే రక్తం పలచబరిచే మందులు సాధారణంగా 3 నెలలు వాడాలి. డిశ్చార్జి చీటీలో ముందుజాగ్రత్తగా రాసిన మాత్రలను ‘నడుస్తున్నాను కదా’ అని మధ్యలో ఆపేయకండి. హఠాత్తుగా ఆయాసం, శ్వాస తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అంబులెన్స్ పిలవండి.

గాయం ఆరడం లేదు, జ్వరం

మొదటి రెండు రోజుల కొద్దిపాటి జ్వరం ఇన్ఫెక్షన్ కానక్కర్లేదు. కుట్ల దగ్గర కాస్త తడి కూడా మామూలే. వారం దగ్గరపడుతున్నా కట్టు తడుస్తూనే ఉన్నా, ఆరిన కుట్లు మళ్లీ తడిసినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా వెంటనే చూపించాలి. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష అంకె) రిపోర్టు చూసి కంగారుపడేవాళ్లకు ఒక మాట: ఆపరేషన్ అయిన రెండో మూడో రోజున అది ఎలాగూ బాగా పెరుగుతుంది. ఆ ఒక్క అంకె కన్నా, దిగి మళ్లీ ఎక్కిందా అన్నదే ముఖ్యం.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం. పైకి తగ్గినట్టుంటుంది. తర్వాత లోపలి ద్రవం తీసి పరీక్షిస్తే సూక్ష్మక్రిమి దొరకదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. పైగా లోహం మీద బ్యాక్టీరియా నీళ్లతొట్టి గోడకు పాచి పట్టినట్టు పొర కడుతుంది, దాని లోపలికి మందు సరిగా చేరదు. పొర ముదరకముందే, తొలి వారాల్లోనే దొరికితే మార్చిన కీలును తెరిచి కడిగి, అందులోని ప్లాస్టిక్ ముక్క మార్చి, లోహపు కీలును కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే చాలాసార్లు కీలు మొత్తం తీసి, మందు కలిపిన సిమెంట్ పెట్టి, ఇన్ఫెక్షన్ పోయాక కొత్తది వేయాల్సి వస్తుంది. షుగరు అదుపులో లేనివాళ్లకు, పొగతాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

పాదం పైకి లేవడం లేదు

మోకాలికి బయటివైపు, కాస్త కిందగా తడిమితే ఒక ఎముక గుబ్బ తగులుతుంది. దాని కిందుగా, చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. కట్టు అంచు అక్కడ ఒత్తినా, మత్తులో ఉన్నప్పుడు కాలు పక్కకు వాలి మంచం కడ్డీకి నొక్కుకున్నా పాదం వేలాడిపోతుంది. తుంటి ఆపరేషన్ తర్వాతైతే నరం పైన తొడ దగ్గరే సాగి ఉండొచ్చు. కట్టు వదులు చేయించి, మోకాలు కొద్దిగా వంచి, ఆరోజే డాక్టరుకు చెప్పండి. ఒత్తిడి వల్ల మొద్దుబారిన నరం వారాల్లో, నెలల్లో చాలావరకు కోలుకుంటుంది. లోపలి పోగులు తెగితే అవి తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే, కాబట్టి ఓపిక కావాలి. ఈలోగా పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్ వేసుకోవాలి, లేకపోతే మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) బిగుసుకుపోతుంది.

మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నాను

దోషి చాలాసార్లు మోకాలి కింద పెట్టుకున్న దిండు. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు ఆ వంపులోనే బిగిసిపోతుంది. దిండును మడమ కిందికి మార్చి, మోకాలిని గాలిలో వదిలేయండి. ఫిజియోథెరపీ చేస్తున్నా ఆరు వారాలకు 90 డిగ్రీలు వంగకపోతే, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాక, మత్తిచ్చి కీలు వంచుతారు. ఇది మొదటి 3 నెలల్లోపే బాగా పనిచేస్తుంది.

తుంటిలో టక్కుమంది, కాలు పొట్టిగా కనిపిస్తోంది

మార్చిన తుంటి కీలు జారి ఉంటుంది. కింద కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం దీనికి దారితీస్తాయి. ఎవరినీ కాలు లాగనివ్వకండి. ఏమీ తినకుండా, తాగకుండా ఆసుపత్రికి వెళ్లండి, మత్తిచ్చి సరిచేయాల్సి రావొచ్చు. టక్కుమనకుండా, నొప్పి లేకుండా, ఒక కాలు పొడవైనట్టు అనిపించడం వేరు. అది ఎక్కువగా కండరాలు బిగిసి నడుము ఒరగడం వల్ల వచ్చే భ్రమ. కొన్ని నెలలు ఆగి చూడందే చెప్పుకు ఎత్తు వేయించుకోవద్దు.

నెలలు గడిచినా బరువు వేస్తే నొప్పే

ఎముక అతకలేదేమో చూడాలి. 9 నెలలు దాటి, చివరి 3 నెలల ఎక్స్‌రేల్లో మార్పు లేకపోతే అతకలేదనే లెక్క. పొగ, షుగరు, విటమిన్ డి లోపం, లోపల దాగిన ఇన్ఫెక్షన్ ముఖ్య కారణాలు. ఇంతకన్నా లావు రాడ్ వేయడం, తుంటి పైఎముక నుంచి తీసిన ఎముకను అక్కడ పెట్టడం మార్గాలు. ఎముక ముక్కే పోయినచోట గావ్రీల్ ఇలిజారోవ్ కనిపెట్టిన రింగుల పద్ధతి ఉంది. కోసిన ఎముకను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, నాలుగు విడతలుగా జరుపుతూ కొత్త ఎముకను పుట్టిస్తారు. రింగులను ఎముకకు పట్టి ఉంచే తీగల చుట్టూ ఎరుపు, చీము తరచూ వస్తాయి. శుభ్రం చేస్తూ డాక్టరు రాసిన మాత్రలు వాడితే ఎక్కువసార్లు తగ్గుతాయి, తీగ వదులైతే మార్చాల్సిందే.

టెన్షన్ పడక్కర్లేనివి

మోకీలు మార్పిడి తర్వాత మచ్చకు బయటివైపు అరచేయంత మేర మొద్దుబారుతుంది, కోతలో సన్నని చర్మపు నరం తెగడం వల్ల. కొంత మొద్దు అలాగే మిగిలిపోవచ్చు. నడిస్తే వచ్చే టకటక చప్పుడు లోహం, ప్లాస్టిక్ తగిలినది. తొడ దగ్గర కమిలిన నలుపు నాలుగు రోజులకు చీలమండ దాకా దిగుతుంది. మోకాలి వేడి కొన్ని నెలలు ఉంటుంది.